డేటా చీపట! ఎవరి జేబుకు?

"డేటా చీప్ కదా భాయ్, ఇంకా ఎంబీల హిసాబు ఏమిటి?" హైటెక్ సిటీలో పని ముగించుకుని మియాపూర్ మీదుగా బాచుపల్లి చేరే మా సాఫ్ట్‌వేర్ దోస్తుల తకియాకలామ్ ఇది. ఆఫీసులో వైఫై, ఇంట్లో ఫైబర్. వాళ్లకు చీపే. మరి వాళ్లు రాసిన యాప్ నడిచేది ఎవరి ఫోన్లో?

మా గల్లీలో బ్లౌజులు కుట్టే ఖాలా ఒకావిడ ఉన్నారు. 189 రూపాయల రీచార్జి, 28 రోజులకు 2 జీబీ. రోజుకు 70 ఎంబీ పైచిలుకు, అంతే. నెల సగం కాకముందే ఖతం. "యూట్యూబ్ కూడా చూడను బేటా, ఎటు పోతోంది?" అని అడిగితే ఫోన్ తీసి చూశాను. పిల్లాడి బడి యాప్! వాడు చదివేది అయిదో తరగతి. ఒకటి నుంచి పది దాకా అన్ని సెక్షన్ల హోంవర్క్ పేజీలూ ఫోన్లోకి దిగుతున్నాయి, ఒక్కో ఫొటో మూడేసి ఎంబీలు. అన్నీ దిగాక, అయిదో తరగతిది చూపించి మిగతావి దాచేస్తోంది యాప్. 20 ఫొటోలు, 60 ఎంబీ. ఆ రోజు కోటా దాదాపు సాఫ్.

ఈ ఏరివేత సర్వర్‌లో జరగాలి. "అయిదో తరగతికి నిన్నటి తర్వాత కొత్తదేముంది?" అని ఫోన్ అడగాలి. సర్వర్ ఆ ఒక్క పేజీని తీసి, స్క్రీన్‌కు సరిపడా కుదించి పంపితే రెండు మూడు వందల కేబీలు చాలు. కొత్తది లేకపోతే "లేదు" అన్న జవాబుకు ఒక్క కేబీ కూడా అక్కర్లేదు. జాదూ ఏమీ లేదిందులో. ఒపెరా మినీ 2006లోనే బటన్ ఫోన్లకు ఇదే పని చేసిపెట్టింది: వెబ్ పేజీని సర్వర్‌లోనే వండి, కుదించి పంపేది.

సర్వర్ ఖర్చు పెరుగుతుందని ఒక బహానా. ఫొటోను ఒక్కసారి కుదిస్తే అదే వందల ఫోన్లకు పోతుంది, పంపే బరువు తగ్గి కంపెనీ బిల్లూ తగ్గుతుంది. సర్వర్ దూరమనీ అనలేరు. 2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్ రీజియన్‌ను హైదరాబాద్‌లోనే తెరిచింది. ఇక మిగిలింది బేఫికర్ ఒక్కటే. ఖాలా ఫిర్యాదు వాళ్ల మీటింగుల దాకా పోదు మరి.

చాలా దేశాల్లో డేటా చవకైందంటూ గూగుల్ 2022లో క్రోమ్ లైట్ మోడ్‌ను ఎత్తేసింది. 2024 జులైలో జియో 155 రూపాయల ప్లాన్‌ను 189 చేసింది. అదే 28 రోజులు, అదే 2 జీబీ! చీప్ అన్న జనాబ్‌లు ఈ లెక్క ఎప్పుడైనా చూశారా?

ఒక ఖబర్దార్ కూడా చెప్పాలి. పని సర్వర్‌కు పోతే మన గుట్టూ దాంతో పోవచ్చు. డేటా ఆదా చేస్తానంటూ మొదలైన ఒనావోను ఫేస్‌బుక్ 2013లో కొని, జనం ఏ యాప్ ఎంత వాడుతున్నారో దాని ద్వారానే కనిపెట్టింది. అమానత్‌లో ఖయానత్ అంటే అదే. అందుకే సొంత చాటింగులు, ఇంటి ఫొటోల మీద ఏ సర్వర్ నజరూ పడకూడదంటాను, ఎంబీలు కాస్త ఎక్కువైనా సరే.

బడి యాప్‌కు ఆ బహానా కూడా లేదు. హోంవర్క్ పేజీలు ఇప్పటికే వాళ్ల సర్వర్‌లో ఉన్నాయి. పైగా ఇప్పుడు పక్క తరగతుల పేజీలన్నీ ఖాలా ఫోన్లో పడి ఉన్నాయి.