చేపల కంటే ముందు నీళ్లు



ఈ మధ్య మా ఇంటికి వచ్చిన వాళ్లందరూ అడుగుతున్నది ఒకటే: "అయ్యగారూ, తొట్టి ఉంది, నీళ్లున్నాయి, లైటు కూడా వెలుగుతోంది, చేపలేవండీ?" ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాము. కొంచెం సిగ్గుతోనే రాస్తున్నాము.

అమ్మగారి తమ్ముడు బదిలీ మీద వెళ్తూ తన 100 లీటర్ల గాజు తొట్టి మాకు ఇచ్చాడు. మంచినీటి చేపలతో సరిపెట్టుకొని ఉంటే బాగుండేది. పిల్లలకేమో 'ఫైండింగ్ నీమో' సినిమాలోని నారింజ రంగు చేప కావాలి, నీలం రంగు డోరీ కావాలి. రెండూ ఉప్పునీటి చేపలే. పట్నంలో ఒక దుకాణానికి వెళ్లాము. ఉప్పు సంచి, ఫిల్టరు, రెండు క్లౌన్ చేపలు, ఒక బ్లూ టాంగ్, అన్నీ ఒకే బిల్లులో ఇచ్చారు. "ఉప్పు కలిపి గంటసేపు మోటారు ఆడించి వదిలేయండి సార్" అన్నారు. శనివారం రాత్రి వదిలేశాము. ఆదివారం ఆరాధన అయ్యాక మీలో చాలామంది వచ్చి చూశారు, ఫోటోలు తీసుకున్నారు.

మంగళవారానికి నీలం చేప పైకి తేలి మొప్పలు గబగబా ఆడిస్తోంది. గాలి చాలడం లేదనుకొని ఇంకో మోటారు పెట్టాము. ఆకలేమోనని మేత ఇంకొంచెం వేశాము. బుధవారం పొద్దున్నే మా చిన్నమ్మాయి ముందు లేచింది, తనే చూసింది. శుక్రవారం ఒక క్లౌన్ చేప పోయింది. వాటికి ఏదో తెగులు వచ్చిందనే అనుకున్నాము.

తెగులు కాదు. చేప విసర్జించిన దాని నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి నీళ్లలో అమ్మోనియా పుడుతుంది. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం బాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం, మూడోది అంత కాదు. కొత్త తొట్టిలో ఆ బాక్టీరియా ఉండవు. ఇసుకలో, రాళ్ల మీద, ఫిల్టరులో అవి స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పైగా సముద్రపు నీటి పీహెచ్ ఎక్కువ కాబట్టి అదే అమ్మోనియా అక్కడ ఇంకా ఘాటుగా పనిచేస్తుంది. మేము జాలితో వేసిన ఆ అదనపు మేత ఏం చేసిందో ఇక చెప్పనక్కర్లేదు.

ఇంకో తప్పు కూడా చేశాము. ఈ ఎండలకు తొట్టిలో నీళ్లు రోజూ తగ్గిపోతుంటే ఉప్పు కలిపిన నీళ్లే మళ్లీ పోశాము. ఆవిరయ్యేది నీళ్లే గాని ఉప్పు కాదు కదా! సముద్రంలో ఉప్పదనం సుమారు 35 పీపీటీ. మా తొట్టిలో అది రోజురోజుకీ పైకి పోతూనే ఉంది. తగ్గిన మేరకు వాటర్ ప్లాంటులో పట్టిన మంచినీళ్లు పోస్తే చాలు.

ఇదంతా మాకు విప్పి చెప్పింది ఎవరనుకున్నారు? మన సంఘంలోనే రెండో బెంచీ మీద కూర్చునే సహోదరుడు, రొయ్యల చెరువు మీద పనిచేసేవాడు. తొట్టి చూసి నవ్వలేదు, అది ఆయన మంచితనం. "అయ్యగారూ, నీళ్లు పెట్టిన రోజే సీడ్ వేస్తామా అండీ?" అని మాత్రం అడిగాడు. చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, నీళ్లు పెట్టి, ఆ నీళ్లకు కలర్ వచ్చే దాకా ఆగి, సెలినిటీ, అమ్మోనియా పరీక్ష చేయించుకొని గాని సీడ్ దించరు. మన ఊళ్లో పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. చుట్టూ చెరువులే ఉన్న ఊళ్లో ఉండి, ఒక్క మాట ఎవరినీ అడగకుండా పట్నం వెళ్లి తెచ్చుకున్నాము.

కొందరు అంటారు, "చేపే కదా అయ్యగారూ, వారం వారం పులుసు తింటూనే ఉన్నాం కదా" అని. తింటాము, మేమూ తింటాము. కాని బ్లూ టాంగ్‌ల్లో దాదాపు అన్నీ సముద్రంలో పగడపు దిబ్బల దగ్గర పట్టి తెచ్చినవే. వాటి సంతతిని తొట్టిలో పెంచగలిగింది 2016లో, అదీ అమెరికాలో, ఇప్పటికీ అరుదే. అది అడుగు పొడవు దాకా పెరిగే చేప. మా తొట్టి బతికి ఉన్నా దానికి చాలేది కాదు. ఎక్కడో దిబ్బల మధ్య తిరిగే ప్రాణి మా హాల్లో నాలుగు రోజులకే పోయింది, అదీ ఎవరి ఆకలీ తీర్చకుండా. పులుసుకూ దీనికీ పోలిక పెట్టకండి.

అందుకే మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాము. తొట్టి కొన్న రోజే చేపను అమ్మడం తప్పు, కొనడం కూడా తప్పే. మొదటి నెల తొట్టిలో నీళ్లు, ఇసుక, రాయి మాత్రమే ఉండాలి. పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాక ఒక్క చేపతో మొదలుపెట్టాలి. క్లౌన్ చేపలను హేచరీలో పెంచే పద్ధతిని మన దేశంలోనే, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు సాధించారు. హేచరీ చేపేనా అని అడిగి కొనండి. బతికున్న పగడం చూపిస్తే మాత్రం ముట్టుకోకండి. రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. నెల రోజులు ఆగే ఓపిక లేకపోతే, కరెంటు పోయినప్పుడు మోటారు ఆడించే ఏర్పాటు లేకపోతే, అసలు జోలికి పోకపోవడమే మంచిది. ఇందులో దుకాణం వాళ్లను ఒక్కళ్లనే అనలేము. ఆ సాయంత్రం తొందరంతా మాదే. వాళ్లు "నెల ఆగండి" అని చెప్పినా పిల్లల ముఖాలు చూసి మేము ఆగేవాళ్లమా అంటే, అనుమానమే.

మిగిలిన ఒక్క క్లౌన్ చేపను పట్నంలో తెలిసినవారి పాత తొట్టిలో వదిలి వచ్చాము. అక్కడ బాగానే మేత తింటోందట. మా తొట్టిని కడిగి, నీళ్లు కొత్తగా కలిపి, ఆ సహోదరుడు చెప్పినట్టే ఒక పచ్చి రొయ్య ముక్క వేసి కుళ్లనిచ్చాము. వాసన గురించి అమ్మగారిని అడగకండి. నిన్నటికి ఇరవై ఆరో రోజు. అమ్మోనియా సున్నాకు వచ్చింది, నైట్రైట్ ఇంకా గులాబీ రంగు చూపిస్తోంది. చిన్నమ్మాయి స్కూలు నుంచి రాగానే బ్యాగ్ కూడా దించకుండా పరీక్ష గొట్టం పట్టుకొని కిటికీ దగ్గరికి వెళ్తోంది.