హరేలీ అమావాస్యయు, ఋతుచర్యయు

గ్రీష్మతాపమున నెఱ్ఱెలు వాఱిన ఛత్తీస్‌గఢ్ మైదానము తొలకరి జల్లులకు సేదదీఱి, రాయపూరు చుట్టుపట్టుల వరిమళ్లు పచ్చబడి, దున్నకములును నాట్లును ఒక కొలిక్కి వచ్చు వేళ అచ్చటి రైతులు జరుపుకొను హరేలీ వారికి సంవత్సరమున మొదటి పండుగ. ఆనాడు నాగలిని, పాఱను, గునపమును, కొడవలిని కడిగి, అంటిన మన్ను వదల్చి, పూజించి, చీలా యని వారు పిలుచు బెల్లపు పిండియట్లు నివేదింతురు. పశువులకు ఉప్పును మూలికలును తినిపింతురు. పిల్లలు గేండీ యను వెదురు మరగాళ్లెక్కి బురదవీథులలో తిరుగుదురు. ఏరువాక పున్నమినాడు కాడెద్దులను కడిగి నాగలికి పసుపు పూయు తెలుగు రైతునకు ఈ పండుగ పరాయిది కాదు. పనిముట్టును శుభ్రపఱచుట, పశువును విశ్రమింపజేయుట, ఋతువు మాఱినదని గుర్తించి దినచర్యను సవరించుకొనుట, వీనియందు హేతువాది ఆక్షేపింపదగిన దేమియు లేదు. తడిమట్టి అంటిన ఇనుము త్రుప్పుపట్టునని యనుభవముచే నెఱిగిన పూర్వులు ఆ పనికొక దినము నియమించిరి. అది మంచి యేర్పాటు.

అయితే అదే దినమున గోపాలకులు ఇంటింటి గుమ్మమునకు వేపమండ తగిలించుటకును, కమ్మరి ద్వారబంధమున మేకు కొట్టుటకును కారణ మడిగినచో, దుష్టశక్తి లోనికి రాకుండుటకని చెప్పుదురు. ఆ దుష్టశక్తికి టోన్హీ యని పేరు. మంత్రబలముచే శిశువులను జబ్బుపఱచి, పశువులను చంపి, పాడి నెండింపజేయునని నమ్మబడు ఒక స్త్రీ ఆ యమావాస్య రాత్రి తన విద్యను సాధించునని భయపడి, ప్రొద్దు గ్రుంకినది మొదలు తలుపులు మూసికొని యుండు కుటుంబములు ఇప్పటికిని కలవు. చేతబడి, బాణామతి, చిల్లంగి యను పేర్లతో ఇదే భయము తెలుగునాటను పాతుకొని యున్నది గనుక, ఇది పొరుగువారి మౌఢ్యమని మనము తప్పించుకొనజాలము.

ఆ రాత్రికి ప్రత్యేకమైన శక్తి యేదైన నున్నదా? ఉత్తరాది పూర్ణిమాంత గణనమున శ్రావణ అమావాస్య యనబడు ఆ తిథియే మన అమాంత పంచాంగమున ఆషాఢ అమావాస్య. ఆంధ్రదేశమున దానిని చుక్కల అమావాస్య యని పిలిచి, స్త్రీలు గౌరిని కొలిచి దీపములు వెలిగింతురు. ఒక సీమలో స్త్రీ చేతి దీపమునకు మంగళప్రదమైన రాత్రి మఱియొక సీమలో స్త్రీమీది అనుమానమునకు ముహూర్త మెట్లయినది? సూర్యచంద్రు లొకే దిక్కున నుండుటచే చంద్రుని వెలుగు మనకు కానరాని రాత్రి అది; అంతకుమించి దానియం దేమియు లేదు.

భయమునకు మూలము తిథియందు లేకున్నను ఋతువునందు కలదు. ఈ సంగతిని హేతువాదులు ఓపికతో విప్పి చెప్పవలెను. వానకాలమున పల్లెలలో జబ్బులును, చావులును నిజముగనే హెచ్చును. బొరియలు నీటితో నిండగా కట్లపాము పొడినేలను వెదకుచు ఇండ్లలో చొచ్చి, నేలపై నిద్రించువారిని రాత్రివేళ కఱచును; దాని కోఱలు మిక్కిలి చిన్నవి; కాటు చోట నొప్పియు వాపును దాదాపుగ నుండవు; తెల్లవాఱుజామున కడుపునొప్పి యని లేచిన మనుష్యునకు కనుఱెప్పలు వాలి, మాట ముద్దయై, ఊపిరి స్తంభించును. గాయము కానరాని ఈ చావును చూచిన ఇంటివారు, హేతువు తోపక, నిన్న గుమ్మము ముందునుండి నడచిపోయిన వితంతువును తలచుకొందురు. పాము కఱచినవానికి బైగా యను పల్లె మంత్రగాడు మంత్రము వేయగా బ్రదికెనని వాదించువారు, మన దేశపు పాములలో పెక్కింటికి విషము లేదనియు, విషసర్పము కఱచినను ఒక్కొక్కమాఱు విష మెక్కదనియు మఱతురు. నిజముగ విష మెక్కినవానికి ఆసుపత్రిలోని విషహర ఔషధము దక్క వేఱు దిక్కు లేదు. మంత్రమునకై గడపిన ప్రతి గడియయు ప్రాణమునకు ముప్పు.

చలిజ్వరమునకు కారణము పొరుగింటి చూపు కాదని, 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపున మలేరియా పరాన్నజీవిని కనుగొన్ననాడు తేలినది. 1971లో బంగాల్ సరిహద్దున, బొన్‌గావ్ శరణార్థి శిబిరమున, డాక్టరు దిలీప్ మహలనబీస్ గ్లూకోజును, ఉప్పును, వంటసోడాను కలిపిన నీటిని త్రాగించి, కలరా మరణములను నూటికి ముప్పదినుండి నాలుగింటికి లోపుగ తగ్గించెను. ఏ గుమ్మమునకును మేకు కొట్టకయే ఆ ప్రాణములు నిలిచినవి.

టోన్హీ యను నింద పడునది యెవరిమీదనో చూడుడు. ఒంటరి స్త్రీ, వృద్ధ, సంతు లేనిది, కాసింత భూమి కలిగియు అడ్డుపడు మగదిక్కు లేనిది; బలవంతుల ఇంటి ఆడువారిమీద ఈ నింద పడుట అరుదు. శక్తి యున్నదని చెప్పబడు మనుష్యురాలు తన్నుతాను కాపాడుకొనలేక దెబ్బలు తిని, ఊరు విడిచిపోవుటయే ఆ నమ్మకము అబద్ధమనుటకు చాలిన నిదర్శనము. రాయపూరు నేత్రవైద్యులు డాక్టరు దినేశ్ మిశ్ర గారును వారి అంధశ్రద్ధా నిర్మూలన సమితియు, ఏ స్త్రీయు టోన్హీ కాదను నినాదముతో పల్లెలు తిరిగి, హరేలీ రాత్రియే జనులతో మాటాడి చేయుచున్న సేవను నేను మిక్కిలి గౌరవింతును.

నగరవాసులు ఇది పల్లెటూరి సంగతి యని యూరకుండరాదు. 2020 వేసవిలో రాయపూరు పేటలు కొన్నిట కామెర్లు ప్రబలినప్పుడు, మురుగుకాలువలలోనుండి పోవుచున్న త్రాగునీటి గొట్టములే దానికి మూలమని బయటపడినది. గుమ్మమున వేపమండ గాని, అంగడి ముందు నిమ్మకాయ మిరపకాయలు గాని ఆ నీటిని శుద్ధిచేయజాలవు. వేపగింజలనుండి తీయు రసాయనము పురుగుమందుగ పనిచేయుట నిజమే. తలుపునకు వ్రేలాడు మండ దోమ నాపుననుట నిజము కాదు.

ఆచారములనన్నిటిని త్రోసివేయు మనుటలేదు. చరకసంహిత వర్షర్తువున కాచి చల్లార్చిన నీరు మంచిదన్నది; గాలి, నీరు, దేశము, కాలము చెడుట జనపదములకు వినాశహేతువన్నది; ఆ చెడుటకు మూలము అధర్మమనియు అన్నది. మొదటి మాట పరీక్షకు నిలిచినది, రెండవది చాలవఱకు నిలిచినది, మూడవది నిలువలేదు. గ్రంథము నెట్లో, పండుగనును అట్లే పరీక్షించి, నిలిచినదానిని ఉంచుకొనవలెను.

కావున రాయపూరున స్థిరపడిన తెలుగు కుటుంబములవారు ఈ హరేలీకి పనిముట్లతోపాటు వేసవి కూలరులోని నిలువనీటిని పాఱబోసి తొట్టిని తోముడు. నీరు కాచి త్రాగుడు. దోమతెరను పఱుపు క్రిందికి మడిచి పండుకొనుడు. రాత్రి దీపము లేక అడుగు వేయకుడు. ఎవనినోటనైన ఒక స్త్రీని టోన్హీ యను మాట విన్నచో వెంటనే పోలీసులకు తెలుపుడు. 2005 నాటి ఛత్తీస్‌గఢ్ టోన్హీ ప్రతాడన నివారణ చట్టము ప్రకారము ఆ మాట అనుటకే మూడేండ్ల వఱకు, ఆ పేర హింసించుటకును, మంత్రతంత్రములతో వైద్యము చేయుటకును ఐదేండ్ల వఱకు కఠిన కారాగారశిక్ష కలదు.