ఆ ప్రాజెక్టును ఆపకండి

మా జిల్లా స్కూల్ బోర్డు సభ్యులకు,

ఆరో తరగతిలో గ్రీకు పురాణగాథల ప్రాజెక్టు తీసేసి బిట్ల పరీక్ష పెడతారని తెలిసి, మనసు ఆగక రాస్తున్నాను.

నిరుడు మా అమ్మాయి వంతుకు ఎథీనా దేవత కథ వచ్చింది. ఏథెన్స్ నగరం కోసం జరిగిన పోటీలో సముద్ర దేవుడు పొసైడన్ ఉప్పునీటి ఊట ఇచ్చాడు. ఎథీనా ఆలివ్ చెట్టు ఇచ్చి గెలిచింది. పాఠంలో అంతే ఉంది. మా అమ్మాయి మాత్రం పాత ఏథెన్స్ వెండి నాణెం ఫొటోలో గుడ్లగూబ పక్కన చిన్న ఆలివ్ రెమ్మను కనిపెట్టింది. ఎథీనా గుడి పార్థెనాన్‌కు పడమటి వైపు, కప్పు కింద చెక్కింది ఆ పోటీనేనని లైబ్రరీలో చదివింది. బంకమట్టితో తనే ఆ నాణెం చేసింది. తిండి, దీపానికి నూనె ఇచ్చే చెట్టును ఆ ఊరు ఎందుకు కొలిచిందో మాకే వివరించింది.

ఆ 'ఎందుకు' బిట్లలో దొరకదు. దయచేసి ప్రాజెక్టును ఉంచండి. దానికి లైబ్రరీలో వారానికో పీరియడ్ ఇవ్వండి.

ఇట్లు,
అమెరికాలో ఉంటున్న ఒక తెలుగు తల్లి