చెరిపే ఆజ్ఞకు పరీక్ష

పిల్లలూ! మీ నోటుపుస్తకంలో తప్పు రాసిన కాగితాన్ని ఎప్పుడైనా చింపారా? అట్లా చింపితే, కుట్టుకు అవతలవైపు ఉన్న మంచి కాగితం కూడా రెండు రోజుల్లో ఊడివస్తుంది. దానిమీద మీరు కష్టపడి చేసిన లెక్కలున్నా సరే! పారెయ్యటం కూడా జాగ్రత్తగా చెయ్యవలసిన పనే. కంప్యూటరులో ఈ పని ఎట్లా జరుగుతుందో ఈ నెల చూద్దాం.

ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ ఫైళ్ళలో రోజూ ఎన్నో మార్పులు చేస్తారు. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో రాసిపెట్టే చిట్టా కావాలి. ఆ చిట్టా రాసే గుమాస్తా పేరు గిట్. గుమాస్తా అంటే మనిషి కాదు, అదీ ఒక ప్రోగ్రామే. ఫిన్లండులో పుట్టిన లీనస్ టోర్వాల్డ్స్ 2005లో దాన్ని మొదలుపెట్టాడు.

ఒక ఫైలును తీసెయ్యమని ఈ గుమాస్తాకు చెప్పటానికి "గిట్ ఆర్.ఎమ్." అనే ఆజ్ఞ ఉన్నది. ఆజ్ఞ ఇవ్వగానే ఫైలు పోతుంది. తరవాతి పద్దులో అది ఉండదు. కాని పాత పద్దులలో భద్రంగా ఉంటుంది! మంచి కరణం పాత పద్దును గీకెయ్యడు, కింద కొత్త పద్దు రాస్తాడు గదా. అందుచేత నిరుడు తీసేసిన ఫైలునైనా ఇవాళ తిరిగి తెచ్చుకోవచ్చు.

అయితే, చిట్టాకెక్కని పని సంగతి వేరు. పొద్దున పద్దు రాయించి, సాయంత్రందాకా ఆ ఫైలులోనే పనిచేశారనుకోండి. అప్పుడు దాన్ని తీసేస్తే పొద్దుటి ఫైలు దొరుకుతుందిగాని, పగలంతా చేసిన పని దొరకదు. అందుకే గిట్, "ఇందులో మార్పులున్నవి, తియ్యను" అని మొరాయిస్తుంది. బలవంతం చేస్తే తప్ప తియ్యదు.

గుమాస్తా నిజంగా అట్లా ఆగుతాడని ఏమిటి నమ్మకం? పరీక్ష పెట్టవలసిందే. గిట్‌ను తయారుచేసేవాళ్ళు ఒక్క ఆర్.ఎమ్. ఆజ్ఞకే చాలా పరీక్షలు రాసిపెట్టారు. పరీక్ష జరిగేటప్పుడు అప్పటికప్పుడు ఒక ఫోల్డరు పుడుతుంది. దాని పేరు "ట్రాష్ డైరెక్టరీ", అంటే చెత్త గది. అందులో ఏం పోయినా ఎవరికీ నష్టం లేదు.

ఆ గదిలో పెట్టే ఫైళ్ళు మహా చిత్రమైనవి! ఒకదాని పేరు మధ్యలో ఖాళీ ఉంటుంది. దాన్ని చూసి రెండు ఫైళ్ళనుకుంటే గుమాస్తా తప్పినట్టే. నాకు అన్నిటికన్న నచ్చింది మరొకటి. దాని పేరు ఒక అడ్డగీత, పక్కన క్యూ అనే అక్షరం. గిట్ భాషలో దానికి "చప్పుడు చెయ్యకుండా పని చెయ్యి" అని అర్థం. మీ తరగతిలో "ఊరుకో" అనే పేరుగల కుర్రాడున్నాడనుకోండి. మేష్టారు హాజరు పిలుస్తూ "ఊరుకో!" అంటే ఏమవుతుంది? ఇక్కడా అదే చిక్కు. పేరుకు ముందు రెండు గీతలు విడిగా పెడితే, "ఆజ్ఞలు అయిపోయినవి, ఇక వచ్చేవన్నీ పేర్లే" అని గుమాస్తాకు తెలుస్తుంది.

ఇంకొక పరీక్షలో గదికి తాళం వేసినట్టు చేసి, ఫైలును బలవంతంగా తియ్యమంటారు. తియ్యటం కుదరదు. అప్పుడు గుమాస్తా "నావల్ల కాలేదు" అని ఒప్పుకోవాలి; ఫైలు పేరును జాబితాలో అట్లాగే ఉంచాలి. పోని ఫైలును పోయినట్టు రాస్తే అది దొంగలెక్క!

పెద్దలకొక మాట. పాస్‌వర్డు ఉన్న ఫైలు పొరపాటున పద్దుకెక్కితే, దాన్ని తీసేసి నిశ్చింతగా ఉండరాదు. పాత పద్దులు తిరగేసినవాడికి అది కనిపిస్తుంది. వెంటనే పాస్‌వర్డే మార్చుకోవాలి.

ఇంట్లో కంప్యూటరులో గిట్ ఉంటే, పెద్దవాళ్ళను పక్కన పెట్టుకుని మీరూ ఒక పరీక్ష చెయ్యండి. కొత్త ఫోల్డరులో రెండు ఫైళ్ళు పెట్టి పద్దుకెక్కించండి. తరవాత ఒకదానిలో ఒక్క అక్షరం మార్చి, రెంటినీ ఒకే ఆజ్ఞతో తీసెయ్యమనండి. మార్చని ఫైలైనా పోతుందనుకుంటున్నారా? ఫోల్డరు తెరిచి లెక్కపెట్టండి. రెండూ ఉండాలి.