విమానం లెక్క మనమూ అడగాలి

2016లో ప్రభుత్వం ఫ్రాన్సు నుంచి 36 రఫేల్ యుద్ధ విమానాలను సుమారు 59,000 కోట్లకు కొన్నది. భాగిస్తే ఒక్కొక్కటి 1,600 కోట్లు దాటుతుంది. పార్లమెంటులో చెప్పింది మాత్రం సుమారు 670 కోట్లు. ఆయుధాలు, అదనపు పరికరాలు, నిర్వహణ అందులో కలపలేదు. 2019లో వచ్చిన కాగ్ నివేదికలోనూ ధరలు కప్పిపెట్టారు.

కిడ్నీ జబ్బుతో కుంగిపోయిన మన ఉద్దానానికి హిరమండలం నుంచి మంచినీళ్ళు తెచ్చిన పథకానికి అయింది సుమారు 700 కోట్లు. దాదాపు ఒక ఒట్టి విమానం ధర! ఆ నీళ్ళ కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశామో మనకు తెలుసు.

దేశరక్షణ వద్దని నేననను. డ్వాక్రా సంఘంలో పది రూపాయలు తేడా వస్తే మన చేత పుస్తకాలు తిరగేయిస్తారే, విమానం ధరలో ఏమేం కలిపారో, ఏమేం వదిలేశారో అడగడం మన హక్కు కాదా?