జీతం గీత ఎవరి కోసం గీస్తున్నారు?

కూలి పెంచుతూ చట్టం చేస్తే కూలోడు సంతోషపడాలి. కానీ బ్రిటన్ చేపల పడవల మీద పనిచేసే వలస కార్మికుడు భయపడుతున్నాడు. ఎందుకో అర్థం చేసుకోవాలి. ఎందుకంటే ఇది మనకూ తెలిసిన కథే.

ఫిలిప్పీన్స్, ఘానా, శ్రీలంక, మన దేశం నుంచి పోయిన మత్స్యకారులను అక్కడి పడవ యజమానులు ఏళ్ల తరబడి 'ట్రాన్సిట్ వీసా' మీద తెచ్చుకున్నారు. అది ఓడ ఎక్కడానికి దేశం గుండా పోయేవాడికి ఇచ్చే వీసా. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు దాటి పనిచేస్తే బ్రిటన్‌లో పనిచేసినట్టు కాదన్నది లెక్క. పట్టిన చేప బ్రిటన్ మార్కెట్‌కు పోతుంది, పట్టినవాడికి మాత్రం ఆ గడ్డ మీద హక్కు లేదు. రేవులో ఉన్నా పడవలోనే పడుకోవాలి.

2022లో చట్టం మారింది. తీర జలాల్లో పనికి అనుమతి తప్పదన్నారు. 'స్కిల్డ్ వర్కర్' వీసా దారి చూపించారు. 2023 ఆగస్టులో ఈ పనులను కార్మికుల కొరత ఉన్న జాబితాలో చేర్చారు. 9 మీటర్లు, ఆపైన పొడవున్న పడవ మీద, మూడేళ్ల అనుభవం అడిగే డెక్ పనికే ఈ దారి. పైగా ఇంగ్లిషు పరీక్ష. వల అల్లే చేతికి వ్యాకరణం పరీక్ష!

తర్వాత జీతం గీత లేచింది. 2024 ఏప్రిల్‌లో సాధారణ పరిమితి 26,200 పౌండ్ల నుంచి 38,700కు ఎగబాకింది. కొరత జాబితా పనులకు 30,960 అన్నారు. 2025 జులైలో అవి 41,700, 33,400 అయ్యాయి. చదువు ముగించి అక్కడే ఉద్యోగం వెతుక్కునే మన విద్యార్థుల మెడ మీదా ఇదే కత్తి.

చేపల వేటలో చాలాచోట్ల పడిన చేపను బట్టి వాటా పంచుతారు. ఏడాది జీతానికి హామీ ఇవ్వలేమని యజమానులు అంటున్నారు. మేం ఆ మాటను సమర్థించం. వల ఖాళీగా వచ్చిన నష్టాన్ని కూలోడి పొట్ట మీద రుద్దడం న్యాయం కాదు. కానీ సర్కారు గీసిన గీత కూడా కూలోడి కోసం గీసింది కాదు, వలసను తగ్గించడానికి గీసింది. వీసా యజమాని స్పాన్సర్‌షిప్‌కు ముడిపడి ఉన్నంతకాలం, కాగితం మీద ఎంత జీతం రాసినా నోరెత్తితే పని పోతుంది. పని పోయి, గడువులోగా కొత్త స్పాన్సర్ దొరక్కపోతే దేశం విడవాలి.

మన దగ్గర దీనికి తిరకాసు జరిగింది. 2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్ కార్మికుల కనీస వేతన పరిమితిని 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. ఉద్యోగాలు కాపాడటానికేనన్నది. గల్ఫ్ సంఘాలు కొట్లాడాయి, హైకోర్టు తలుపు తట్టాయి. 2021లో పాత వేతనాలు తిరిగొచ్చాయి.

అక్కడ తలుపు మూయడానికి గీత పెంచారు. ఇక్కడ మనిషిని చవకగా పంపడానికి గీత దించారు. రెండుచోట్లా కూలోడిని అడిగినవాడు లేడు.

మేం అడుగుతున్నది మూడే. జీతానికి హామీ ఉండాలి. యజమానిని మార్చుకునే హక్కు ఉండాలి. గీత గీసేచోట కార్మికుడికి కుర్చీ ఉండాలి. ఈ మూడూ లేని జీతం అంకె వట్టి అంకె మాత్రమే!