పల్లె దూరం లెక్కలోకి ఎక్కింది

మన ఫోను టవరుతో ఏ పద్ధతిలో మాట్లాడాలో ముందే ఒక ప్రమాణం నిర్ణయిస్తుంది. అది ఇంజనీర్ల వ్యవహారమని వదిలేయడం తగదని మా అభిప్రాయం. అమెరికా, చైనా అలా వదిలేయలేదు మరి.

2003లో చైనా తన దేశంలో అమ్మే వైర్‌లెస్ నెట్‌వర్క్ పరికరాల్లో ‘వాపి’ అనే సొంత భద్రతా పద్ధతి ఉండి తీరాలంది. దాని కీలకాన్ని కొద్ది చైనా కంపెనీల చేతిలోనే పెట్టింది. మరుసటి ఏడాది అమెరికా మంత్రులు అభ్యంతరం చెబుతూ లేఖ రాశారు. చైనా వెనక్కి తగ్గింది. 2006లో అంతర్జాతీయ ఓటింగులోనూ వాపి ఓడింది. పదేళ్లకు 5జి వంతు వచ్చింది. గాలిలో చెదిరిన సంకేతాన్ని తప్పుల్లేకుండా కూర్చే పద్ధతిపై 2016లో అమెరికాలోని రీనోలో పెద్ద పేచీ. డేటాకు క్వాల్‌కామ్ వంటివారు కోరిన ఎల్‌డీపీసీ, నియంత్రణ సంకేతాలకు హువావే కోరిన పోలార్ కోడ్ అని పంచుకున్నారు. పోలార్ కోడ్ కనిపెట్టింది మాత్రం తుర్కియే ఆచార్యుడు ఎర్దాల్ అరికాన్! ప్రమాణంలో చేరిన పేటెంటుకు ఫోను ఫోనుకూ రుసుము రాబట్టుకోవచ్చు. అందుకే ఇంత పట్టుదల.

మరి మన సంగతి? 5జిని పరీక్షించే గ్రామీణ నమూనాలో టవర్ల మధ్య దూరం 1,732 మీటర్లు. మన పల్లెల్లో అంత దగ్గరగా టవర్లు ఎవరు వేస్తారు? భారత ప్రతినిధులు 6 కిలోమీటర్ల నమూనా కూడా ఉండాలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘాన్ని ఒప్పించారు. దానికి తగిన ‘5జిఐ’ రూపకల్పనలో ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ మద్రాస్ పాలుపంచుకున్నాయి. 2021లో ఆ సంఘం దాన్ని ఆమోదించింది. రెండు ప్రమాణాలైతే ఖర్చు పెరుగుతుందని టెలికాం కంపెనీలు మొత్తుకోవడంతో 2022లో అది ప్రపంచ 5జి ప్రమాణంలో కలిసిపోయింది. మన పేరు మిగల్లేదని బాధపడినవారున్నారు. మాకా బాధ లేదు. పల్లె దూరం లెక్కలోకి ఎక్కింది.

ఎక్కడో తయారైన ఫారంలో మన గడి లేకపోవడం భాషా అల్పసంఖ్యాకులుగా మనకు కొత్త కాదు. కాబట్టి ఈ కథ మన పిల్లలకు తొందరగానే అర్థమవుతుంది. భారతీయ ప్రమాణాల సంస్థ బడుల్లో స్టాండర్డ్స్ క్లబ్బులు పెట్టిస్తోంది. ఒడిశా, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల్లోని మన ఉన్నత పాఠశాలలు వాటికోసం అడగాలి. ఐఎస్ఐ గుర్తు చూపించడంతో ఆపకుండా, తొమ్మిది, పది తరగతుల పిల్లల చేత తెలుగులోనే ఒక చిన్న ప్రమాణం రాయించాలి. బడిలో మంచినీళ్ల కుళాయి ఎంత ఎత్తులో ఉండాలన్నదైనా సరే. ఆ చర్చలో ఆరో తరగతి వాళ్లనూ కూర్చోబెట్టాలి. కుళాయి అందాల్సింది వాళ్లకే.